జ్వరమొచ్చి పోయింది, షుగర్ మిగిలింది: వైరస్సే తెచ్చిందా, ముందే ఉండిందా?

హంద్రీ_గట్టు
మా చిన్నాయన కొడుకు, 41 ఏళ్లు, ఊరు పత్తికొండ పక్కన. డెంగీ అని కర్నూల్లో ఐదు రోజులు అడ్మిట్ చేసినారు. డెంగీ పరీక్ష ఎన్‌ఎస్1 పాజిటివ్, ప్లేట్‌లెట్లు 48 వేలకు దిగి మళ్ళీ ఎక్కినాయి. అది సరే. నాలుగో రోజు రక్తం తీస్తే షుగర్ 286. అంతకుముందు షుగర్ అనే మాటే లేదు, ఎప్పుడూ చూపించుకున్నదీ లేదు. డిశ్చార్జ్‌లో మెట్‌ఫార్మిన్ 500 పొద్దున, రాత్రి రాసినారు. ఇప్పటికి మూడు వారాలు. పరగడుపున 118, తిన్నాక రెండు గంటలకు 204.

ఊర్లో అందరూ "అది జ్వరం షుగరు, జ్వరంతోనే పోతాది, మాత్ర అలవాటైతే జీవితాంతం మింగాల్సిందే" అని చెవిలో పోరుతున్నారు. వీడు మాత్రలు ఆపేస్తానంటున్నాడు. వైరస్ వల్ల పెద్దోళ్ళకు కొత్తగా షుగర్ వస్తుందా? వస్తే, పోతుందా?

సీమ_ల్యాబ్
286 ఏ చేతి రక్తం? సెలైన్ ఏ చేతికి ఎక్కుతోంది? ఎక్కింది ఉత్త ఉప్పునీళ్ళ ఎన్‌ఎస్సా, గ్లూకోజ్ కలిసిన డీఎన్‌ఎస్సా? హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) చేసినారా? ఇవి తెలీకుండా 286 పట్టుకుని కూర్చోవద్దు.

ఉగ్గాని_బజ్జీ
ల్యాబన్న వచ్చినాడు. ఇంక పేషెంటు కంటే ముందు గొట్టానికి పరీక్ష.

హంద్రీ_గట్టు
డీఎన్‌ఎస్, ఎడమ చేతికి. రక్తం ఏ చేతి నుంచి తీసినారో తెలీదు. అదే రోజు సాయంత్రం కుడిచేతి వేలికి గ్లూకోమీటర్ పెడితే 241. డిశ్చార్జ్ కాగితంలో హెచ్‌బిఎ1సి 6.8, హిమోగ్లోబిన్ 13.6. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) మధ్యలో 51 దాకా పోయి 42కు దిగింది.

సీమ_ల్యాబ్
అందుకే అడిగింది. డీఎన్‌ఎస్‌లో 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఉంటుంది, అర లీటరు సీసాలో 25 గ్రాములు. రక్తంలో షుగర్ కొలిచే లెక్కలో చెప్పాలంటే డెసిలీటరుకు 5000 మిల్లీగ్రాములు. శాంపిల్‌లో నూటికి రెండు వంతులు ఈ సెలైన్ కలిసినా రిపోర్టులో 100 పెరుగుతుంది. పదో వంతు కలిస్తే 450కి పైనే. అట్లా కలిసిన శాంపిల్‌లో పొటాషియం, హిమోగ్లోబిన్ కూడా ఉన్నట్టుండి పడిపోయి కనిపిస్తాయి, గుర్తుపట్టేది దాంతోనే. సెలైన్ లేని చేతి నుంచి తీయాల. కుదరకపోతే సెలైన్ కనీసం రెండు నిమిషాలు ఆపి, క్యాన్యులాకు కింది వైపు నుంచి, మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారేసి తీయాల.

దీనికి తిరగబడ్డ తప్పు పల్లెల్లో జరుగుతాది. ఎర్రమూత గొట్టంలో తీసి అట్లే పెడితే రక్తకణాలు షుగర్‌ను తింటానే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం. పత్తికొండలో పొద్దున ఎనిమిదికి తీసింది కర్నూల్లో పదకొండుకు మిషన్ ఎక్కితే 140 ఉన్నోడు 115 అయ్యి కూర్చుంటాడు. షుగర్‌కు బూడిదరంగు మూత గొట్టం, అంటే ఫ్లోరైడ్‌ది. అదీ పూర్తిగా పని మొదలుపెట్టడానికి గంట దాటుతుంది, కాబట్టి ఐసులో పెట్టి పంపితే ఇంకా మేలు. హెచ్‌బిఎ1సికి ఊదామూత.

ఇంక 241. హెమటోక్రిట్ 51 ఉన్నప్పుడు చాలా గ్లూకోమీటర్లు అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తాయి. రక్తం తక్కువున్నోళ్ళకు ఎక్కువ చూపిస్తాయి. మీటరుకు ఐఎస్‌ఓ ప్రమాణమే 15 శాతం అటూ ఇటూ. కాబట్టి 286ను కొట్టేసినా 241 నిజమనే అనుకోవాల.

చెనక్కాయ
గ్లూకోజ్ ఎక్కిస్తా ఉంటే గ్లూకోజ్ పెరగదా? దానికి షుగర్ జబ్బని పేరెందుకు?

పెన్నా_ఎండీ
పెరుగుతుంది, కానీ క్లోమం బాగున్నవాడికి మామూలు వేగంతో ఎక్కే డీఎన్‌ఎస్ వల్ల 240 రాదు. జ్వరంలో కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ మూడూ పెరుగుతాయి. కాలేయం చక్కెర వదులుతుంది, కండ తీసుకోనంటుంది. ఇన్ఫెక్షన్‌లో విడుదలయ్యే సైటోకైన్లు ఇన్సులిన్ పనిని ఇంకా అడ్డుకుంటాయి. అరకొరగా నెట్టుకొస్తున్న క్లోమం అప్పుడు దొరికిపోతుంది.

ఈ కేసులో నేను చూసేది 286 కాదు, 241 కాదు. 6.8. హెచ్‌బిఎ1సి రెండు మూడు నెలల సగటు. అందులో దాదాపు సగం వాటా చివరి నెలది. అంటే చివరి ఐదు రోజుల వాటా పదో వంతు లోపు. ఇప్పుడు లెక్క వేయండి. జ్వరానికి ముందు ఇతనికి 5.5 ఉందనుకుందాం, సగటు షుగర్ 111. ఐదు రోజులు ఏకబిగిన 280 ఉన్నా సగటు 15 దాకా పెరిగి హెచ్‌బిఎ1సి 6.0 దగ్గర ఆగుతుంది. 6.8కి 148 సగటు కావాలి. ఐదు రోజుల జ్వరం ఆ పని చేయలేదు. హిమోగ్లోబిన్ 13.6 కాబట్టి రక్తహీనత వల్ల తప్పు లెక్క వచ్చిందనడానికీ లేదు. షుగర్ డెంగీ కంటే పాతది. దోమ దాన్ని బయటపెట్టింది, అంతే.

గండికోట_గాలి
ఇది మరీ తేల్చేసినట్టుంది సార్. కోవిడ్ తర్వాత ఎంతమందికి కొత్తగా వచ్చింది? అందరికీ ముందే ఉందా? వైరస్ నేరుగా క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను కొడుతుందని పేపర్లు వచ్చినాయి కదా. "ముందే ఉంది" అనేది డాక్టర్లకు తేలిక జవాబు.

పెన్నా_ఎండీ
"ఈ కేసులో" అన్నాను, "అన్ని కేసుల్లో" అనలేదు.

కోవిడ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. అమెరికా మాజీ సైనికుల రికార్డుల మీద 2022లో వచ్చిన పెద్ద పరిశీలనలో, కోవిడ్ వచ్చినవాళ్ళకు ఏడాదిలో కొత్త షుగర్ ముప్పు సుమారు 40 శాతం ఎక్కువ. వినడానికి పెద్దగా ఉంది. తలల లెక్కలో వెయ్యిమందికి అదనంగా 13 మంది. అదీ ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్ళ గుంపు. బ్రిటన్ రికార్డుల్లో మొదటి నాలుగు వారాల్లో ముప్పు బాగా పెరిగి, మూడు నెలలు దాటేసరికి మామూలుకు వచ్చింది. ఆ మొదటి నెల ఉబ్బులో చాలా భాగం ఎక్కడిదంటే, ఆసుపత్రికి వచ్చారు, రక్తం తీశారు, దొరికింది. స్టెరాయిడ్లు కూడా పడ్డాయి.

గండికోట_గాలి
రక్తం తీసినందుకే దొరికిందంటే మామూలు జలుబు జ్వరాలకూ అట్లే దొరకాలి. జర్మనీవాళ్ళు అదే పోల్చినారు. ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వచ్చినవాళ్ళతో పెడితే కోవిడ్ వచ్చినవాళ్ళకు కొత్త షుగర్ 28 శాతం ఎక్కువ. అదీ లక్షణాలు పెద్దగా లేని కేసుల్లో. దానికేమంటారు?

పెన్నా_ఎండీ
మంచి పాయింటు. అందుకే "ఏమీ లేదు" అనను. కొంత అదనపు ముప్పు నిజమే అనిపిస్తుంది. అది బీటా కణాలను వైరస్ నేరుగా తినడం వల్లా, కొన్నాళ్ళు నిలిచిపోయిన ఇన్సులిన్ నిరోధం వల్లా అన్నది తేలలేదు. బీటా కణాల మీద ఏసీఈ2 (కోవిడ్ వైరస్ లోపలికి దూరే గ్రాహకం) ఎంత ఉందన్న దాని మీదే ప్రయోగశాలలు ఒకదానితో ఒకటి విభేదించాయి. బోస్టన్‌లో ఒక ఆసుపత్రి లెక్క నాకు పనికొచ్చేది: కోవిడ్‌తో చేరినప్పుడు కొత్తగా షుగర్ తేలినవాళ్ళను సుమారు పది నెలల తర్వాత చూస్తే దాదాపు 40 శాతం మంది మామూలు స్థాయికో, ప్రీడయాబెటిస్‌కో (షుగర్ జబ్బుకు ముందు మెట్టుకో) తిరిగొచ్చారు. మిగతావాళ్ళు రాలేదు.

మన దేశంలో 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్క ప్రకారం షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్ 13.6 కోట్లు. ఇంతమంది అంచు మీద ఉన్న చోట ఏ జ్వరం వార్డులోనైనా షుగర్ చూస్తే దొరుకుతుంది.

కడప_కాయం
వ్యాక్సిన్ వల్ల వచ్చిందని మా వీధిలో సగం మంది అంటారు.

గండికోట_గాలి
వీధి మాట పక్కన పెట్టు. బ్రిటన్‌లోనే ఇంకో పెద్ద పరిశీలన ఉంది. కోవిడ్ తర్వాత వచ్చే షుగర్ ముప్పు టీకా వేయించుకున్నోళ్ళలో తక్కువ, వేయించుకోనోళ్ళలో ఎక్కువ, ఆసుపత్రి దాకా పోయినోళ్ళలో మరీ ఎక్కువ. ఇందులో నేను డాక్టర్ గారి పక్షమే.

ప్రొద్దుటూరు_మందులకొట్టు
అందరూ వైరస్ మీద పడినారు. అడ్మిట్ కాకముందు ఊర్లో ఏం సూదులు పడినాయో ఎవురన్నా అడిగినారా? చీటీ ఉంటే చూడు హంద్రీ. డెక్సామెథసోన్, బీటామెథసోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్, ప్రెడ్నిసోలోన్, డెఫ్లజకోర్ట్, ట్రయామ్సినలోన్. ఈ ఆరు పేర్లలో ఏది కనిపించినా స్టెరాయిడే. పేరు లేకుండా పొట్లంలో రెండు రంగుల మాత్రలు కట్టిచ్చి ఉంటే అందులోనూ ఉండచ్చు. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పటి నుంచీ కీళ్ళ నొప్పులంటే ఈ పొట్లాలకు మన పక్క గిరాకీ తగ్గలేదు.

హంద్రీ_గట్టు
ఇప్పుడే ఫోన్ చేసి చీటీ ఫొటో తెప్పించినా. అడ్మిట్ కాకముందు రెండు రోజులు "డెక్సా 2 ఎంఎల్" రోజుకొకటి. ఊరి డాక్టరు వేసినాడంట, ఒళ్ళు నొప్పులకు. చెప్పాల్సిన సంగతని వీడికి తోచనే లేదు.

ఉగ్గాని_బజ్జీ
సినిమాలో ఇంటర్వెల్ బ్యాంగ్ ఇట్లే ఉంటాది.

ప్రొద్దుటూరు_మందులకొట్టు
ఆ 2 ఎంఎల్ వయల్ అంటే 8 ఎంజీ. ప్రెడ్నిసోలోన్ లెక్కలో 50 ఎంజీకి పైనే, ఒక్క సూదిలో. పోల్చుకోవడానికి, 2020లో ఇంగ్లండ్‌లో రికవరీ ట్రయల్ కోవిడ్‌కు పనిచేస్తుందని తేల్చిన డోసు రోజుకు 6 ఎంజీ. అదీ ఆక్సిజన్ మీద ఉన్నోళ్ళకే, గరిష్ఠంగా పది రోజులు. డెంగీకి స్టెరాయిడ్ వాడమని ఏ మార్గదర్శకమూ చెప్పదు.

డెక్సా ప్రభావం ఒంట్లో 36 నుంచి 54 గంటలు ఉంటాది. రెండు రోజులు వరసగా పడితే ఆపిన తర్వాత ఇంకో రెండు రోజులైనా షుగర్ ఎగురుతాది. నాలుగో రోజు 241లో కూడా దాని వాటా కాస్త మిగిలి ఉండచ్చు.

ఇంకోటి. ప్రెడ్నిసోలోన్ పొద్దున మింగేటోళ్ళకు పరగడుపు షుగర్ దాదాపు మామూలుగా ఉంటాది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా 250, 300 ఎక్కుతాది. వాళ్ళకు పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి "నార్మల్" అని పంపితే ఏం లాభం? మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూడాల. మూడు వారాలకు మించి మింగుతున్నోళ్ళు మాత్రం షుగర్ పెరిగిందని స్టెరాయిడ్ టక్కున ఆపకూడదు. అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటాది, బీపీ పడిపోతాది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించుకోవాల.

పెన్నా_ఎండీ
చీటీ చాలా పనికొచ్చింది. అయినా నా మాట మారదు. రెండు డెక్సా సూదులు 241ని కొంత వివరించొచ్చు, 6.8ని వివరించవు. మూడు వారాల తర్వాత, మెట్‌ఫార్మిన్ మింగుతూ కూడా తిన్నాక 204 అంటే జ్వరం లేదు, డెక్సా లేదు, షుగర్ ఉంది.

తుంగభద్ర_సిస్టర్
మీరు నెలల లెక్క మాట్లాడుతున్నారు, గంటల్లో చూడాల్సింది ఒకటుంది. జ్వరం తర్వాత కొత్తగా షుగర్ తేలిన ఎవరికైనా వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతుగా ఊపిరి తీయడం, మగత, వారంలో నాలుగైదు కిలోలు తగ్గడం ఉంటే అదే రోజు కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వును కరిగిస్తే పుట్టే ఆమ్లాలు) చూడాలి. మూత్రంలో స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రాసిన సమయానికే, మామూలుగా 15 సెకన్లకు, రంగు చదవాలి. ఐదు నిమిషాల తర్వాత చదివితే రంగును నమ్మలేం. ఈ స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్‌ను, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను కాదు. కీటోఅసిడోసిస్ (ఆ ఆమ్లాలు రక్తంలో ప్రమాదకరంగా పెరగడం) మొదట్లో ఎక్కువుండేది ఆ రెండోదే. అందుకే స్ట్రిప్ లైట్‌గా మారినా మనిషి బాగోలేకపోతే రక్తంలో కీటోన్ చూడాలి. అక్కడ లీటరుకు 3 మిల్లీమోల్స్ దాటితే ఎమర్జెన్సీ కేసే. పల్లెలో "గ్యాస్ట్రిక్" అని సూది వేసి పంపేస్తారు, రాత్రికి కోమాలో తీసుకొస్తారు.

ఎండో_పీజీ
సిస్టర్ చెప్పినదానికి కొనసాగింపు. వైరస్‌కూ షుగర్‌కూ ఉన్న పాత చరిత్ర అంతా టైప్ 1దే, అంటే బీటా కణాలు నాశనమై ఇన్సులిన్ లేకుండా పోయే రకానిది. గవదబిళ్ళల తర్వాత షుగర్ వచ్చిన కేసును నార్వే డాక్టరొకాయన 1864లోనే రాశాడు. 1979లో కీటోఅసిడోసిస్‌తో చనిపోయిన ఒక పిల్లాడి క్లోమం నుంచి కాక్సాకీ బి4 వైరస్‌ను వేరుచేసి, ఎలుకలకు ఎక్కించి షుగర్ తెప్పించారు. ఆ జాతి వైరస్‌లు లోపలికి దూరడానికి వాడే గ్రాహకం బీటా కణాల మీద ఉంది. తల్లి కడుపులో రుబెల్లా సోకిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్ ఎక్కువన్నదీ పాత సంగతే.

పెద్దవాళ్ళలో గుర్తుపెట్టుకోవాల్సింది ఫల్మినెంట్ టైప్ 1. 2000లో జపాన్‌వాళ్ళు విడిగా గుర్తించారు. ముందు ఫ్లూ లాంటి జ్వరం, కడుపునొప్పి. షుగర్ లక్షణాలు మొదలైన వారం లోపే కీటోఅసిడోసిస్. షుగర్ 288 పైన ఉంటుంది, హెచ్‌బిఎ1సి మాత్రం 8.7 లోపు, ఒక్కోసారి 6 దగ్గరే. ఎందుకంటే అది పెరగడానికి వ్యవధే లేదు. క్లోమం ఎంజైములు అమైలేజ్, లైపేజ్ పెరుగుతాయి, యాంటీబాడీలు సాధారణంగా ఉండవు. ఇన్సులిన్ తయారీ దాదాపు సున్నా. అరుదు. కానీ "హెచ్‌బిఎ1సి తక్కువే కదా, స్ట్రెస్ షుగరే" అని మాత్రలిచ్చి పంపితే ప్రాణం పోయేది ఇక్కడే. పెన్నా సార్ లెక్క ఒక వైపే పనిచేస్తుంది. హెచ్‌బిఎ1సి ఎక్కువుంటే షుగర్ పాతది. తక్కువుంటే షుగర్ కొత్తదని తెలుస్తుంది గానీ, తేలికపాటిదని కాదు.

పెన్నా_ఎండీ
ఒప్పుకుంటున్నాను. చివరి వాక్యం ప్రతి క్యాజువాల్టీలో గోడకు అంటించాల్సింది.

చెనక్కాయ
41 ఏళ్ళోడికి టైప్ 1 ఏంది? అది పిల్లోళ్ళ జబ్బు కదా.

ఎండో_పీజీ
ఏ వయసులోనైనా వస్తుంది. ముప్పై దాటినవాళ్ళలో నెమ్మదిగా వచ్చే రకం ఉంది, లాడా అంటాం. మొదటి ఆరు నెలలు మాత్రలతో నెట్టుకొస్తుంది, టైప్ 2 అనుకుంటారు. మనిషి సన్నగా ఉండి, ఇంట్లో ఎవరికీ షుగర్ లేక, రెండు మూడు రకాల మాత్రలకూ లొంగకపోతే జీఏడీ యాంటీబాడీ (బీటా కణాల మీద ఒళ్ళే దాడి చేస్తోందా అని చూసేది), సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూపేది) చేయించాలి. సి-పెప్టైడ్‌ను షుగర్ 350 ఉన్న రోజు చేయించొద్దు. ఎక్కువ షుగరే బీటా కణాలను కొన్నాళ్ళు మొద్దుబారుస్తుంది, లేని కొరతను చూపిస్తుంది. రెండు మూడు వారాలు షుగర్ అదుపులో ఉన్నాక, అదే శాంపిల్‌లో గ్లూకోజ్ కూడా కలిపి చూడాలి. హంద్రీ, మీవాడి బరువు, నడుము, ఇంట్లో షుగర్?

హంద్రీ_గట్టు
84 కేజీలు, ఎత్తు ఐదడుగుల ఆరు. నడుము 40 అంగుళాలు. చిన్నాయనకు, మేనత్తకు షుగర్. బరువేం తగ్గలేదు.

ఎండో_పీజీ
బీఎంఐ 30 దగ్గర. తండ్రికి ఉంది. యాంటీబాడీలకు డబ్బులు పెట్టొద్దు. ఇది టైప్ 2 దారే.

సీమ_ల్యాబ్
ఒక పరీక్ష మాత్రం కలపండి. ఊర్లో సూదుల చరిత్ర ఉన్నోళ్ళకు హెచ్‌సీవీ. హెపటైటిస్ సి కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండి ఇన్సులిన్ నిరోధం పెంచుతుంది. పెద్దోళ్ళలో టైప్ 2తో బలంగా ముడిపడిన వైరస్ అదే, కానీ డెంగీ, కోవిడ్‌ల మాదిరి దాని గురించి ఎవురూ మాట్లాడరు. యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో ఖాయం చేసుకోవాల. మందు ఉంది, మామూలుగా 12 వారాలు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఉచితం. తగ్గినాక కొందరికి షుగర్ కూడా దిగుతాది, మాత్రల డోసు తగ్గించాల్సి వస్తాది.

అనంత_పథ్యం
జ్వరంలో ఏం తాగించారో కూడా అడగండి. మన పక్క జ్వరం అంటే గ్లూకోజ్ పొడి. గ్లాసు నీళ్ళలో మూడు పెద్ద చెంచాలు వేస్తే దాదాపు 40 గ్రాముల చక్కెర. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు మొత్తానికి 13.5 గ్రాములే. డెంగీలో నీళ్ళు తప్పనిసరి, షుగర్ ఉన్నా ఓఆర్‌ఎస్ తాగొచ్చు. పండ్ల రుచితో వచ్చే తియ్యటి డబ్బా పానీయం దానికి బదులు కాదు, వెనక చక్కెర ఎంతుందో చదివి కొనండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రాగి జావ, గంజి, రోజుకో టెంకాయ నీళ్ళు సరిపోతాయి.

జ్వరం తగ్గాక ఎక్కువగా వినే మాట "సంగటి తింటే షుగర్ రాదు" అని. వంద గ్రాముల రాగిపిండిలో 65 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంది, బియ్యంలో 78 దాకా. పీచు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. పైగా మన సంగటిలో బియ్యం సగం. పిడికెడంత ముద్ద ఒకటి, ఆకుకూర పప్పు గిన్నెడు, చెనక్కాయల చట్నీ తగ్గించి. మూడు ముద్దలు తిని రాగిని తిట్టొద్దు. 84 కేజీల మనిషి ఆరు నెలల్లో 76కు దిగితే ఈ షుగర్ మాత్ర లేకుండానే అదుపులోకి రావడానికి మంచి అవకాశం ఉంది. కొత్తగా తేలినవాళ్ళకే ఆ వెసులుబాటు ఎక్కువ.

ఉగ్గాని_బజ్జీ
నా పేరు మార్చుకోవాల్సి వచ్చేట్టుంది.

అనంత_పథ్యం
ఉగ్గాని ఉంచుకో, బజ్జీ తీసెయ్.

హంద్రీ_గట్టు
సరే, అసలు విషయం. మాత్ర ఆపాలా వద్దా? "అలవాటైతే" అనేదానికి ఏం చెప్పాల?

పెన్నా_ఎండీ
ఆపొద్దు. మెట్‌ఫార్మిన్ అలవాటయ్యే మందు కాదు. ఆపితే షుగర్ పెరుగుతుందంటే జబ్బు ఉందని, మాత్ర పట్టుకుందని కాదు. తిన్నాక 204 ఉంది కాబట్టి డోసు పెంచాలా, ఇంకోటి కలపాలా అన్నది మీ డాక్టరు క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయం పరీక్షలు చూసి నిర్ణయిస్తారు. డెంగీలో కాలేయం ఎంజైములు పెరుగుతాయి, అవి దిగాయో లేదో చూడాలి.

జ్వరం మొదలైన రోజు నుంచి 12 వారాలకు హెచ్‌బిఎ1సి, పరగడుపు షుగర్ మళ్ళీ చేయించండి. అప్పటికి జ్వరం, డెక్సా ప్రభావం లెక్కలోంచి దాదాపు పోతాయి. మాత్రల మీద 6.2 వస్తే "పోయింది" అనుకోవద్దు. మాత్ర ఆపాక కనీసం మూడు నెలలు గడిచినా 6.5 లోపు ఉంటేనే రెమిషన్ అనాలని 2021లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్వచనం. ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి చూడాలి. కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్ ఇప్పుడే చూపించండి. షుగర్ పాతదని అనుకుంటున్నాం కదా, ఎన్నేళ్ళ పాతదో ఎవరికి తెలుసు.

ప్రొద్దుటూరు_మందులకొట్టు
ఇంకొకసారి జ్వరమొస్తే ఏం చేయాలో కూడా రాసుకో. వాంతులు, విరేచనాలు ఉండి ఏమీ తినలేకపోతే మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపమంటారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి రాసి ఉంటే అవి ముందు ఆపాల. వాటితో షుగర్ 180 ఉన్నప్పుడు కూడా కీటోఅసిడోసిస్ రావచ్చు, మీటరు చూసి మోసపోతారు. గ్లిమెపిరైడ్ వేసుకుని తిండి తినకపోతే షుగర్ పడిపోతాది. ఇన్సులిన్ మీదున్నోళ్ళు మాత్రం తినలేదని పూర్తిగా మానకూడదు, డోసు అడగాల. ఆసుపత్రిలో జ్వరంలో పెట్టిన ఇన్సులిన్ డోసే ఇంటికొచ్చినాక నెల రోజులు పొడుచుకుంటా పోతే కింద పడతారు. 70 లోపు వస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూసుకోవాల.

హంద్రీ_గట్టు
12 వారాల తేదీ క్యాలెండర్లో రాయించినా. హెచ్‌సీవీ, క్రియాటినిన్ రేపే. వీడి తమ్ముడు ఒకడున్నాడు, 38 ఏళ్లు, ఇదే ఒళ్ళు. జ్వరం వచ్చేదాకా ఆగకుండా వాడికీ చూపిస్తాం.

సీమ_ల్యాబ్
పీహెచ్‌సీలో 30 దాటినోళ్ళకు ఉచితంగా చూస్తారు, ఆశా కార్యకర్తను అడుగు. పరగడుపున 100 నుంచి 125 మధ్య వస్తే "బాగుంది" అనుకుని వచ్చేయొద్దు, అది ప్రీడయాబెటిస్.

చెనక్కాయ
ఇంట్లో మీటర్ కొందామనుకుంటున్నా. మన ఎండలకు స్ట్రిప్‌లు పాడైతాయా?

సీమ_ల్యాబ్
అయితాయి. చాలా కంపెనీల స్ట్రిప్‌లు 30 డిగ్రీల లోపు పెట్టమని డబ్బా మీదే రాస్తారు. మే నెలలో బండి డిక్కీలో పెట్టి తిరిగితే ఏం చూపిస్తాయో దేవుడికే తెలియాల. ఫ్రిజ్‌లో కూడా వద్దు, చెమ్మ పట్టుకుంటాది. ఇంట్లో చల్లగా ఉండే అరలో, మూత గట్టిగా బిగించి పెట్టు. డబ్బా తెరిచిన తేదీ పెన్నుతో రాసుకో, కొన్నిటికి తెరిచినాక మూడు నెలలే ఆయుస్సు. మామిడిపండు తిన్న చేతులతో వేలు పొడవద్దు, సబ్బుతో కడిగి బాగా ఆరినాకే. లేకపోతే 110 ఉన్నోనికి 250 చూపించి, నువ్వు ఇంకో చర్చ మొదలుపెడతావు.